మునిగిపోయే రాళ్లు

"మా ఆయన కనబడటం లేదండీ!"

లాడ్జి వరండాలోకి పరుగెత్తుకొచ్చిన ఆ అమ్మాయి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. కుర్చీలో ఉన్న ప్రైవేటు డిటెక్టివ్ లేచాడు. ఎండలో గొడుగు లేనిదే గడప దాటడు కాబట్టి అందరూ ఆయన్ని గొడుగు మాస్టారంటారు. సహాయకురాలైన మేనకోడలితో ఆ దీవికి విశ్రాంతి కోసం వచ్చాడు.

"కూర్చోమ్మా. ఏం జరిగింది?"

"నిన్న చీకటిపడ్డాక దిగాం. పొద్దున లేచేసరికి ఆయన లేరు, మధ్యాహ్నమవుతున్నా రాలేదు. స్నానాల ఒడ్డున ఇసకలో చెప్పులు దొరికాయి. మునిగిపోయారంటున్నారు. ఆయనకి ఈత రాదండీ!"

"మీతో ఎవరొచ్చారు?"

"బావగారు. మా ఆయన పెద్దమ్మ కొడుకు. నిన్న ఏదో కారు యాక్సిడెంటు గురించి ఇద్దరూ గొడవపడుతూ, నన్ను చూసి ఆపేశారు."

హాల్లో బావగారు నిక్కరుతో కుర్చీ అంచున నిటారుగా కూర్చున్నాడు.

"తలనొప్పి. పొద్దుట్నుంచీ గది దాటలేదు," అన్నాడు.

"పాపం, ఎంత కంగారు పడుతున్నాడో మామయ్యా," అని గొణిగింది మేనకోడలు.

మంచినీళ్ల కోసం అతను అటు తిరిగాడు. కందిపోయిన పిక్కల మీద మాస్టారి చూపు నిలిచింది.

లాడ్జి మేనేజరు చెప్పాడు: "రాళ్ల మీద నడవడానికి మేం అద్దెకిచ్చే రబ్బరు బూట్లు ఒక జత తిరిగి రాలేదు సార్. వాటితోపాటు తీసుకెళ్లిన ఈత ట్యూబు మాత్రం మళ్లీ కొక్కేనికే ఉంది."

మాస్టారి ముఖం మారిపోయింది. లాడ్జి బోటు నడిపే అతనితో సహా అందర్నీ హాల్లోకి పిలిచాడు.

"బావగారూ, ఇక్కడికొచ్చేవాళ్లంతా చేసే పొరపాటే మీరూ చేశారు. నీళ్లు చల్లగా ఉంటే ఎండ తెలియదు. బోర్లా తేలుతూ చేపల్ని చూస్తుంటే వెనకవైపంతా మాడిపోతుంది. మీ ముఖం బాగానే ఉంది. మెడ వెనక, పిక్కలు కందిపోయాయి. కుర్చీకి వీపు ఆనించలేకపోతున్నారు. గదిలో పడుకుంటే ఇలా కాలుతుందా?"

"నిన్నటిదేమో..."

"నిన్న వచ్చేసరికే చీకటి పడింది కదా బావగారూ!" అంది ఆ అమ్మాయి.

"ఇసకలో దిగేవాడికి రాళ్లబూట్లెందుకు? తమ్ముణ్ణి ట్యూబు మీద సముద్రంలోని రాళ్లకు చేర్చారు. ట్యూబుతో మీరొక్కరే వచ్చి, అతని చెప్పులు ఒడ్డున పెట్టారు. ఏ రాయి?"



"సముద్రానికి పోటు మొదలైంది సార్," అన్నాడు బోటతను. "కాసేపటికి రాళ్లన్నీ మునిగిపోతాయి. ఒక్కోటీ వెతుక్కుంటూ పోతే టైముకి అందుకోలేం."

ఆ అమ్మాయి బావగారి కాళ్ల మీద పడింది. "మీకు దణ్ణం పెడతా. ఎక్కడున్నారో చెప్పండి!"

"నేను చేసిన యాక్సిడెంటు గురించి తమ్ముడు పోలీసులకు చెప్పేస్తానన్నాడు... చీలిక రాయి మీదున్నాడు," అన్నాడతను నీరసంగా.

మేనకోడల్ని అతనికి కాపలా ఉంచి మాస్టారు ఆ అమ్మాయితో బోటెక్కాడు. వాళ్లు వెళ్లేసరికి రాయి కనబడటం లేదు, దానిమీద నిలబడ్డ మనిషి ఛాతీ దాకా నీళ్లున్నాయి. అల వచ్చినప్పుడల్లా తల మాయమవుతోంది. భార్య కేకలు పెడుతూనే ఉంది. బోటతను ఆ మనిషిని చొక్కా పట్టి బోటులోకి లాగాడు.

చలికి భర్త పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. భార్యను గుర్తుపట్టగానే చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నయ్య! బోటు తెస్తానని వెళ్లి తిరిగి రాలేదు. కొట్టుకుపోయాడేమో. ముందు అన్నయ్యని వెతకండి!"

మాస్టారు చూపు తిప్పుకున్నాడు.

"ఒడ్డునే ఉన్నారు," అంది ఆమె, భర్త తలను గుండెకు హత్తుకుంటూ.

"హమ్మయ్య," అని అతను కళ్లు మూసుకున్నాడు.