తొమ్మిదీ పది గేటు

రాత్రి తొమ్మిది దాటాక ఆ సందులోకి ఎవరూ అడుగు పెట్టేవాళ్లు కాదు.

ఆటోవాడు మలుపు దగ్గరే ఆపేసి, "ఇక్కణ్ణించి నడిస్తే ఒంటికి మంచిదండీ" అనేవాడు. పార్సెల్ తెచ్చేవాడు మలుపులోనే నిలబడి ఫోన్ చేసి, "మీరే ఇటు రండి" అనేవాడు. కుక్కలు కూడా... సరే, కుక్కల సంగతి నాకు తెలీదు, ఉన్నమాట చెప్పాలి. దెయ్యం కథన్నాక కుక్కలు ఏడవాలి కాబట్టి ఇక్కడా ఏడ్చాయనుకోండి, నాదేం పోయింది.

భయమంతా సందు చివరింటి గేటు గురించి.

పన్నెండడుగుల ఇనప గేటు. పక్కకి జరిగే రకం. కింద పట్టా, పట్టా మీద చక్రాలు, లోపల మోటారు, చేతిలో రిమోట్. మీట నొక్కితే తెరుచుకోవాలి, నొక్కకపోతే ఊరుకోవాలి.

ఇది ఊరుకునేది కాదు.

రాత్రి తొమ్మిదీ పదికి గుర్ర్‌... మని జరిగేది. బార్లా తెరుచుకుని ఆగేది — ఎవరో లోపలికి వస్తున్నట్టు. ఒక అర నిమిషం... మళ్లీ దానంతటదే మూసుకునేది — వచ్చేవాళ్లు వచ్చేసినట్టు.

వచ్చేదెవరో సందులో చంటిపిల్లలక్కూడా తెలుసు. ఆ గేటు బిగించినాయన. బిగించిన మర్నాడు పొద్దున్నే, కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే, గుండె ఆగి పోయాడు. ప్రాణం గేటు మీదే ఉండిపోయిందన్నారు. పని ఎలా ఉందో రోజూ వచ్చి చూసుకుపోతున్నాడన్నారు.

ఈ కథ నాకు చెప్పినవాడు వసపిట్ట. అసలు పేరు వాడికే సరిగ్గా గుర్తుండదు. నోరు మూతపడదు కాబట్టి చిన్నప్పుడే ఆ పేరు పడింది. గేట్లు బిగించే, బాగుచేసే షాపులో పని. ఆ షాపు ఇద్దరన్నదమ్ములది. పోయినాయన పెద్దవాడు. మిగిలిన తమ్ముడు వసపిట్టకి సొంత అక్క మొగుడు. అందుకని వాడికి పోయినాయన పెద్దబావ, ఉన్నాయన బావ.

ఉన్నాయన అంటే... ఉన్నాడంతే.

అన్న పోయిన రోజు బావ ఏడవలేదు. ఆ తర్వాతా ఏడవలేదు. నాలుగు నెలలు. పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. ఒకరోజు వెల్డింగు చేస్తూ వేలు కాల్చుకున్నాడు. చర్మం కాలిన వాసన వసపిట్ట ముక్కుకి తగిలింది గాని, బావకి తెలీలేదు. "బావా, వేలు!" అని అరిస్తే కిందకి చూసి, "ఆఁ" అన్నాడు. ఎవరిదో వేలు చూసినట్టు.

అక్క ఒకసారి తమ్ముణ్ణి వంటింట్లోకి లాగి గొంతు తగ్గించింది.

"ఒరేయ్, నీ వాగుడికి చచ్చినవాడు కూడా లేచొచ్చి నోర్ముయ్యమంటాడు కదరా. బతికున్నవాణ్ణి మాట్లాడించలేవూ?"

"ట్రై చేస్తున్నానక్కా. గోడైతే ఈపాటికి సున్నం రాల్చేది."

"షాపు ఎనిమిదిన్నరకి మూస్తారు. ఇల్లు పది నిమిషాల దూరం. తొమ్మిదిన్నర దాటితే గాని రాడు. ఎక్కడున్నావంటే, వస్తున్నా అంటాడు."

ఎక్కడికెళ్తున్నాడో వసపిట్టకీ తెలీదు. వాడు ఏడింటికే ఇల్లు చేరే రకం.

ఇలా ఉండగా ఒక సోమవారం ఆ చివరింటావిడ షాపుకొచ్చింది. లెక్కల టీచరుగా రిటైరై, ఒంటరిగా ఉంటోంది. కూర్చోమన్నా కూర్చోలేదు. చేతిసంచీలోంచి నోట్‌బుక్ తీసి బల్ల మీద పెట్టింది. రోజూ గేటు తెరుచుకున్న టైములు, నిలువు గీతలు కొట్టి మరీ రాసింది. తొమ్మిదీ పది. తొమ్మిదీ పన్నెండు. తొమ్మిదీ తొమ్మిది.

"దెయ్యాలంటే నాకు భయం లేదయ్యా. ముప్పై ఏళ్లు ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పాను."

"అయితే దెయ్యాలే భయపడాలండి" అన్నాడు వసపిట్ట.

ఆవిడ నవ్వలేదు. "బార్లా తెరిచిన గేట్లోంచి దెయ్యం రాకపోయినా దొంగ రావచ్చు. నాకు నిద్ర కరువైంది. శుక్రవారం పొద్దున వేరే వాళ్లొచ్చి దీన్ని పీకి కొత్తది పెడతారు. మాట్లాడేశాను. ఈలోపు మీవల్ల అయితే సరే. లేకపోతే ముక్కలుగా కోసి, కిలోల లెక్కన పాత ఇనుములోకి పోతుంది."

చెప్పి వెళ్లిపోయింది.

బావ చేతిలో ఉన్న బోల్టుని తిప్పుతూనే ఉన్నాడు, నట్టు లేకుండా.

"ఒరేయ్" అన్నాడు ఉన్నట్టుండి. "ఆ గేటు పీకనివ్వకు."

వసపిట్ట చేతిలో స్పానర్ కిందపడింది. నాలుగు నెలల్లో బావ నోట వచ్చిన మొదటి పూర్తి వాక్యం అది. ఇక ఆ గేటు ఉంటే బావ ఉన్నట్టు, పోతే బావ కూడా పోయినట్టు అనిపించింది వాడికి. అక్క ముఖం గుర్తొచ్చింది.

"పీకనివ్వను బావా" అన్నాడు. ఎలాగో మాత్రం తెలీదు.

మంగళవారం పట్టపగలే వెళ్లాడు, తెలివైనవాడు కదా. కంట్రోల్ పెట్టె మూత తీసి చూశాడు. ఇలాంటి చోట నూటికి తొంభై సార్లు దెయ్యమంటే బల్లి. వెచ్చగా ఉంటుందని లోపల దూరి, రెండు తీగల మీద కాళ్లు చాపి పడుకుంటుంది, గేటు పూనకం వచ్చినట్టు ఆడుతుంది. ఇక్కడ బల్లి లేదు. కనీసం గుడ్డు కూడా లేదు. చుట్టుపక్కల ఇళ్లవాళ్ల రిమోట్లన్నీ అడిగి తెచ్చి ఒక్కొక్కటీ నొక్కాడు. దేనికీ కదల్లేదు. టీచరమ్మ రిమోట్లు రెండూ బీరువాలో, తాళం వేసి ఉన్నాయి.

"బోర్డు మార్చేద్దాం బావా" అన్నాడు.

"వద్దు. అన్నయ్య పెట్టింది."

నోట్‌బుక్ తిరగేస్తుంటే ఒకటి కనబడింది. "టీచరమ్మా, ఆదివారాలు ఖాళీగా వదిలేశారేం?"

"తెరుచుకోదు. ఆదివారం ఎప్పుడూ తెరుచుకోలేదు."

"వారానికోరోజు సెలవు తీసుకునే దెయ్యమా! ఎక్కడ చేస్తోందండీ ఉద్యోగం? నాకూ చూడండి."

ఆ రాత్రి ఇద్దరూ షాపు మూసి, ఒకే బండి మీద నేరుగా అక్కడికెళ్లి వరండాలో కాపలా కూర్చున్నారు. తొమ్మిదీ పది... తొమ్మిదీ పావు... పది. గేటు కదల్లేదు. బుధవారమూ అంతే. డాక్టరు గుమ్మం ఎక్కగానే జ్వరం తగ్గిపోయినట్టు, ఈ మెకానిక్కులు వస్తే చాలు, గేటు ఎక్కడలేని బుద్ధీ తెచ్చుకునేది.

"మనల్ని చూసి జడుసుకుందండీ" అన్నాడు వసపిట్ట.

"జడుసుకుంటే చాలదయ్యా, మానుకోవాలి" అంది టీచరమ్మ.

గురువారం. ఆఖరి రాత్రి. బావ రానన్నాడు.

"నువ్వెళ్లు. మనుషులుంటే జరగదది."

వసపిట్ట ఒక్కడే వెళ్లాడు. వరండాలో రెండు కుర్చీలు. ఒకదాంట్లో టీచరమ్మ, ఒళ్లో నోట్‌బుక్. ఇంకోదాంట్లో వీడు, ఒళ్లో చేతులు. చలికి వేళ్లు తిమ్మిరెక్కాయి. కాసేపు వాగాడు. తర్వాత వాగుడు కూడా తిమ్మిరెక్కింది.

తొమ్మిదీ ఎనిమిది.

తొమ్మిదీ తొమ్మిది...

గుర్ర్‌...

గేటు జరిగింది. నెమ్మదిగా. వంకర లేకుండా, కుదుపు లేకుండా. బార్లా తెరుచుకుని ఆగింది. అవతల సందు ఖాళీగా ఉంది.

"వెళ్లి చూడు" గుసగుసగా అంది టీచరమ్మ.

"పెద్దవాళ్లు... మీరు ముందు..."

"నడు!"

చేతిలో టార్చి పెట్టి వెనకనుంచి ఒక్క తోపు తోసింది. ఎనిమిదో తరగతి పిల్లల కష్టం వాడికి అప్పుడర్థమైంది.

గేటు దాటి సందులోకి వచ్చాడు. అన్నాళ్లుగా ఆ టైములో తలుపులేసుకున్నవాళ్లే గాని, బయటికొచ్చి చూసినవాళ్లు లేరు. వీడు చూశాడు.

అరవై అడుగుల దూరంలో, మలుపు దగ్గర, దీపం కింద... ఎవరో నిలబడి ఉన్నారు.

వీపు ఇటు. తల కొంచెం పక్కకి వంచి. జేబులో చేతులు. ఒంటి మీద నల్ల జర్కిన్ — మోచేతి దగ్గర వెల్డింగు రవ్వలు పడి కాలిన చిల్లులతో. నాలుగు నెలలుగా షాపులో మేకుకి వేలాడుతున్న జర్కిన్. ఎవరూ ముట్టుకోని జర్కిన్.

పెద్దబావది.

నిలబడిన తీరు కూడా పెద్దబావదే. బిగించిన గేటుని ఆయన ఎప్పుడూ చూసేవాడు కాదు. దూరంగా వెళ్లి, వీపు తిప్పి, వినేవాడు. "కళ్లు మోసం చేస్తాయిరా, చక్రం చప్పుడు మోసం చెయ్యదు" అనేవాడు.

వసపిట్ట పరిగెత్తాలనుకున్నాడు. కాళ్లు మాట వినలేదు — వెనక్కి పొమ్మంటే ముందుకి నడిచాయి. పది అడుగులు... ఇరవై... టార్చి వెలుగు వెళ్లి బూట్ల మీద పడింది. పక్కన ఆపిన బండి మీద పడింది.

ఆ బండి వాడికి తెలుసు. తెలియకేం, నిన్న దాని వెనక కూర్చునే వచ్చాడు.

"బావా...?"

"ష్‌..." అన్నాడు బావ, తల తిప్పకుండా. "విను."

వెనక గేటు మూసుకుంటోంది. పట్టా మీద చక్రాలు మెత్తగా దొర్లుతున్నాయి. చివర్న చిన్న టక్కు.

"అన్నయ్యే" అన్నాడు బావ. "రోజూ ఈ టైముకే తెరుస్తాడు. మనుషులుంటే రాడు. అందుకే ఇక్కడే ఆగి వింటా. అయ్యాక ఇంటికెళ్తా."

"ఇల్లు అటు కదా బావా."

బావ గేటు వైపే చెవి పెట్టి ఉన్నాడు. వసపిట్టకి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, మాట రాలేదు.

ఎందుకంటే అప్పుడే వాడి చూపు బావ కుడిచేతి మీద పడింది. జర్కిన్ జేబులో ఉంది. లోపల ఏదో పట్టుకున్నట్టు గుడ్డ ఉబ్బెత్తుగా ఉంది. మెల్లిగా మణికట్టు పట్టుకుని చెయ్యి బయటికి తీశాడు. బావ అడ్డుపడలేదు, తన చెయ్యి కానట్టే ఊరుకున్నాడు.

వేళ్ల మధ్య రిమోట్. నల్ల టేపు చుట్టిన పాత రిమోట్. బావ బొటనవేలు ఇంకా మీట మీదే ఉంది.

వసపిట్ట ఆ వేలి మీద తన వేలు పెట్టి నొక్కాడు.

గుర్ర్‌...

"ఏమయ్యా, మళ్లీ తెరుచుకుంది! ఎవరక్కడ?" గేటు దగ్గర్నుంచి టీచరమ్మ గొంతు.

"మేమేనండీ" అన్నాడు వసపిట్ట.

గేటు బిగించేటప్పుడు ముందుగా పనివాళ్లు తమ రిమోట్‌నే దానికి అలవాటు చేస్తారు, పరీక్షించడానికి. పని పూర్తయ్యాక, ఇంటివాళ్ల ఎదుటే దాన్ని చెరిపేసి, వాళ్ల రిమోట్లు కలిపిస్తారు. దాన్నే అప్పగింత అంటారు. అది జరిగితేనే గేటు ఇంటివాళ్లది. అప్పటిదాకా బిగించినవాడిదే. ఈ గేటు అప్పగింతకి పెద్దబావ మర్నాడు పొద్దున రావాలి. రాలేదు. పదిహేను రోజుల తర్వాత బావ వచ్చి, టీచరమ్మ రిమోట్లు రెండూ కలిపిచ్చి వెళ్లాడు. అన్న జర్కిన్ జేబులోనే ఉండిపోయిన రిమోట్‌ని చెరపడం మరిచిపోయాడు. ఆదివారం షాపుకి సెలవు; మిగతా రోజుల్లో మూసే ముందు అన్న జర్కిన్ తొడుక్కుని, పొద్దున్నే తెచ్చి మేకుకి తగిలిస్తున్న సంగతి కూడా అతనికి సరిగ్గా తెలుసో లేదో.

బావ ఆ రిమోట్‌ని చాలాసేపు చూశాడు. ముఖంలో ఏమీ లేదు.

"అప్పగింత కాలేదు" అన్నాడు.

నడుచుకుంటూ వెళ్లి కంట్రోల్ పెట్టె తెరిచాడు. వసపిట్ట టార్చి పట్టాడు. టీచరమ్మ శాలువా కప్పుకుని పక్కన నిలబడింది. కలిపిన రిమోట్లన్నీ చెరిగిపోవాలంటే లోపలి బొత్తాం నొక్కిపట్టి పది అంకెలు లెక్కపెట్టాలి. బావ పైకే లెక్కపెట్టాడు. ఏడు దగ్గర కొంచెం ఆగాడు... వేలు మాత్రం తియ్యలేదు. పది అనగానే పెట్టెలో ఎర్ర దీపం ఆరిపోయింది.

తర్వాత టీచరమ్మ రిమోట్లు రెండూ మళ్లీ కలిపాడు. "నొక్కండమ్మా."

ఆవిడ నొక్కింది. గేటు మెత్తగా తెరుచుకుంది. మళ్లీ నొక్కింది, మూసుకుంది.

"ఇక మీదండీ ఇది."

"రేపొచ్చే వాళ్లని రావద్దని చెప్తాను బాబూ" అంది టీచరమ్మ. గేటు వంక చూసి, "చాలా బాగా దొర్లుతుంది" అంది.

బావ తలూపాడు. సందులోకి వచ్చి, గేటుకి ఎదురుగా నిలబడ్డాడు. ఈసారి వీపు తిప్పలేదు. అన్న రిమోట్ ఎత్తి నొక్కాడు.

గేటు కదల్లేదు.

మళ్లీ నొక్కాడు. దగ్గరికెళ్లి, చెయ్యి చాపి, ఇనుముకి ఆనించి నొక్కాడు.

ఏ చప్పుడూ లేదు.

బావ వెనక్కి తిరిగి వసపిట్ట వంక చూశాడు.

"ఒరేయ్" అన్నాడు, ఇప్పుడే ఎవరో ఫోన్ చేసి చెప్పినట్టు, "అన్నయ్య పోయాడురా."