ఆపరేషన్ విండో

"మన డ్రైవర్‌ను పొద్దున్నే కాల్చేశారు," అన్నాడు చీఫ్ తన ఏజెంటుతో. "రాకెట్ సైంటిస్టును ఎత్తుకుపోవడానికి విదేశీ ముఠా కాచుకుని ఉంది. మధ్యాహ్నం కొత్త డ్రైవర్ వస్తాడు. ముఖం నీకు తెలీదు. కోడ్ సరిగ్గా చెబితేనే సైంటిస్టును అతనితో పంపించు."

ఆ డిపార్ట్‌మెంట్లో కోడ్ పద్ధతే వేరు. ఒక మామూలు ఇంగ్లీషు మాట అడుగుతారు. దానికి అర్థం చెబితే చాలదు, పుట్టుక చెప్పాలి. మాటలు ఎంచే పని ఈ ఏజెంటుదే కాబట్టి అందరూ అతన్ని నిఘంటువు అంటారు. ఇవాళ్టి మాట విండో. ఇంటికి కిటికీ, స్టేషన్లో టికెట్లిచ్చే చోటు, కంప్యూటర్ తెరమీద గడి. పుట్టుక మాత్రం పాత నార్స్ భాషలో గాలి కన్ను.

మేకప్ రూములో అతని భార్య అతనికి మీసం అంటిస్తోంది. మారువేషాల సెక్షన్ ఆవిడదే. ఆవిడ కారిడార్లో నడిస్తే షార్ప్‌షూటర్లు సైతం గురి తప్పుతారని ఆఫీసులో జోకు.

"ఇవాళ మాటేంటండీ?"

"విండో."

"పుట్టుక?"

చెప్పకూడదు. చెప్పనంటే మూతి ముడుచుకుంటుంది.

"మన గవాక్షం లాంటిదే. గో అంటే ఆవు, అక్షి అంటే కన్ను. ఆవు కన్ను," అన్నాడు సీరియస్‌గా.

ఆవిడ పకపకా నవ్వింది. ఆ నవ్వు కోసం అతను ప్రాణమైనా ఇస్తాడు.

మధ్యాహ్నం హోటల్ వెనక గేటు దగ్గర నిఘంటువు పోర్టర్ వేషంలో నిలబడ్డాడు. నల్లకారు వచ్చి ఆగింది. యూనిఫాం, ఐడీ కార్డు, అన్నీ పక్కా. సైంటిస్టు తొందర మనిషి, అప్పుడే ఒక కాలు కార్లో పెట్టేశాడు.

"విండో?" అన్నాడు నిఘంటువు.

"ఆవు కన్ను," అన్నాడు డ్రైవర్, తడుముకోకుండా.

అది నిఘంటువు నవ్వించడానికి అల్లిన తప్పు పుట్టుకే. ఎవరైనా చాటుగా విన్నారేమోనని ఆశపడ్డాడు. కానీ మేకప్ రూము సౌండ్‌ప్రూఫ్. ఆ తప్పు అతను కాక తెలిసింది ఇంకొక్కరికే.

పెన్ను నొక్కాడు. మత్తు సూది డ్రైవర్ మెడలో దిగింది. కదలబోయిన కారు అక్కడే ఆగిపోయింది.

సాయంత్రం ఇంటరాగేషన్ రూములో ఆవిడ బేడీలతో కూర్చుని ఉంది.

"తప్పా అది?"

"తప్పే."

"నన్ను అనుమానించి అలా చెప్పారా?"

"లేదు. నువ్వు నవ్వుతావని."

ఆవిడ తల దించుకుంది. అతను మాత్రం గార్డుల ఎదుటే వెక్కివెక్కి ఏడ్చాడు.

బయట చీఫ్ భుజం తట్టాడు. "శభాష్. నీకు మెడల్ సిఫారసు చేస్తున్నా."

"పెళ్లయ్యాక ఆవిడకి చెప్పిన ఒకే ఒక్క అబద్ధం సార్ అది. మెడల్ మీద ఆ సంగతి కూడా చెక్కించండి."