పద్నాలుగు కిలోలు, పదకొండు రాళ్లు

రెండు నెలల్లో పద్నాలుగు కిలోలు తగ్గిన ఆనందం మృదులకు వారం రోజులు కూడా నిలవలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో బ్యాంకు పరీక్షల కోచింగ్ సెంటర్లో ఆమె లెక్కలు చెబుతుంది. పెళ్లిచూపుల్లో కార్తీక్ “కొంచెం తగ్గితే ఎంగేజ్‌మెంట్ ఫొటోలు బాగుంటాయి” అన్న రోజు నుంచి టిఫిన్ మానేసింది, రాత్రి భోజనం మానేసింది. మధ్యాహ్నం కీరదోసకాయ, పల్చటి మజ్జిగ. అంతే.

ఆ సాయంత్రం మాత్రం స్టాఫ్‌రూమ్‌లో ఎవరిదో పుట్టినరోజు. వేడివేడి మిర్చి బజ్జీలు చూసి ఆగలేక నాలుగు తినేసింది.

గంట తర్వాత వానలో స్కూటీ మీద ఎల్బీ నగర్‌లోని ఇంటికి బయలుదేరి, కొత్తపేటలో ఒక పండ్ల దుకాణం ముందు ఆగిపోయింది. కుడి డొక్కలో ఎవరో చెయ్యి పెట్టి మెలితిప్పుతున్నట్టుంది.

వెనక ట్రాలీ ఆటో హారన్ మోగింది.

“మేడమ్, జర బండి పక్కకు తియ్యుర్రి! బత్తాయి దించాలె.”

“ఒక్క నిమిషం ఆగలేరా?”

“పది నిమిషాల సంది ఆగిన. గిది పార్కింగ్ గాదు.”

“అరవకండి! నాకు...”

మాట పూర్తి కాలేదు. కోపంగా ఆటో దిగి వచ్చిన డ్రైవరు అబ్బాయి చెప్పుల మీదే వాంతి చేసుకుంది.

అతను చెప్పుల వంక చూసుకోలేదు. పడిపోబోతున్న స్కూటీని ఒక చేత్తో, ఆమెను మరో చేత్తో పట్టుకున్నాడు.

“నొప్పి యాడ?”

“గ్యాసే. సోడా తాగితే పోతుంది.”

“కుడి బుజంలకు గూడ గుంజుతున్నదా?”

“మీకెలా తెలుసు?”

“మా అమ్మకు గట్లనే గుంజింది. గ్యాస్ అనుకుంట ఆర్నెల్లు సోడాలు తాగింది. రాళ్లని తర్వాత తెల్సింది. నడువుర్రి దవాఖానకు.”

అతని పేరు జగన్. నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చిన కుటుంబం. బాటసింగారం మార్కెట్ నుంచి పండ్లు తెచ్చి దుకాణాలకు వేస్తాడు. ఆ సాయంత్రం బత్తాయిల మధ్య కూర్చోబెట్టి మృదులను ఆసుపత్రికి చేర్చాడు. ఫోన్ అందుకుని ఆమె తండ్రి రామారావు పరుగున వచ్చాడు.

డాక్టర్ శ్రీనివాస్ స్కాన్ చూసి తల పంకించాడు.

“గాల్ బ్లాడర్‌లో రాళ్లమ్మా. కొలెస్ట్రాల్ గట్టిపడి ఏర్పడేవే అయ్యుంటాయి.”

“నాకు కొలెస్ట్రాలా? పోయిన నెలే బ్లడ్ టెస్ట్ నార్మల్ వచ్చింది!”

“రక్తంలోది వేరు, పిత్తంలోది వేరు. గబగబా బరువు తగ్గితే లివర్ కొలెస్ట్రాల్‌ని పిత్తంలోకి ఎక్కువగా వదులుతుంది. పైగా తిండి మానేశావు. తింటేనే ఆ సంచి ముడుచుకుని పిత్తాన్ని బయటికి పంపుతుంది. కదలకపోతే అక్కడే పేరుకుని రాళ్లవుతుంది. తగ్గాలంటే వారానికి అరకిలో, కిలో చాలమ్మా. వేళకు తింటూ తగ్గాలి.”

“మందులతో కరగవా?” రామారావు అడిగాడు.

“నొప్పి మొదలైందిగా, ఆపరేషనే మంచిది. చిన్న రంధ్రాలతో అయిపోతుంది. ఈలోపు జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా గంట కూడా ఆగకండి.”

ఎంగేజ్‌మెంట్ పది రోజుల్లో ఉంది. ఫోన్లో కార్తీక్ తేల్చేశాడు. “అది అయ్యాక చేయించుకో. ఇప్పుడు ఆపరేషన్ అంటే మావాళ్లు ఏమనుకుంటారు?”

మృదుల సరేనంది.

మర్నాడు జగన్ స్కూటీ అప్పగించడానికి ఇంటికి వచ్చాడు. బొప్పాయి కూడా తెచ్చాడు. మృదుల చేతిలో గ్లాసు చూసి ఆగిపోయాడు.

“గిదేంది?”

“ఆలివ్ ఆయిల్, నిమ్మరసం. రాళ్లు పడిపోతాయట. వీడియోలో చూశా.”

“మా అమ్మ గూడ తాగింది. పడ్డయి. సంబురపడ్డం. డాక్టర్ జూసి నవ్విండు. అవి రాళ్లు గావు, తాగిన నూనే ముద్దలైందట. రాళ్లు లోపల్నే ఉన్నయి.”

“మీరు పండ్లు అమ్ముతారా, వైద్యం చేస్తారా?”

“పండ్లే. గానీ ఆ నొప్పికి మా అమ్మ గోడకు తల గొట్టుకున్నది సూసిన. ఫొటోల కోసం ఎట్ల ఆగుతున్నరు మీరు?”

“నా మీద మీకెందుకండీ అంత కోపం?”

“కోపం గాదు,” అన్నాడు జగన్. గొంతు తగ్గింది. “భయం.”

అతను వెళ్లిపోయాక మృదుల గ్లాసు సింకులో ఒంపేసింది. ఆ ఒక్క మాట మాత్రం ఎంతసేపటికీ చెవుల్లోంచి పోలేదు.

మూడో రోజు క్లాసులో ఉండగా చలిజ్వరం పట్టుకుంది. బోర్డు మీద అంకెలు అలుక్కుపోయాయి. తండ్రికి ఫోన్ చేసింది. ఆసుపత్రికి వెళ్తూ ఆటోలో కార్తీక్‌కి చేసింది.

“ఇంకో వారం ఓర్చుకోలేవా మృదులా?”

“ఓర్చుకోలేనండీ. నొప్పినే కాదు, మిమ్మల్ని కూడా. ఎంగేజ్‌మెంట్ వద్దు,” అని పెట్టేసింది. ఒళ్లు కాలిపోతున్నా గుండె మాత్రం గాలిపటంలా తేలిపోయింది.

అదే రోజు యాంటీబయాటిక్స్ మొదలుపెట్టి, మరునాడు ఆపరేషన్ చేశారు. డాక్టర్ చిన్న సీసా చూపించాడు. పసుపుపచ్చటి రాళ్లు, పదకొండు.

రామారావు ఫోన్ చేస్తే వచ్చిన జగన్, వాళ్లమ్మ సైదమ్మ ఆపరేషన్ జరిగినంతసేపూ బయటి బెంచీ మీదే ఉన్నారు. సైదమ్మ రామారావుకు బలవంతాన టీ తాగించింది.

“పరేషాన్ గాకుర్రి అన్నా. నాది తీసేసి రెండేండ్లాయె. అన్నీ తింటున్న. నూనె జర తక్కువ, గంతే.”

రెండు వారాల తర్వాత చివరి చెకప్. రామారావు మందులు కొనడానికి వెళ్లాడు. ఆసుపత్రి మెట్ల మీద చినుకుల్లో ఇద్దరే మిగిలారు.

“జగన్ గారూ, ఒకటి అడగనా?”

“అడుగుర్రి.”

“ఆ రోజు భయం అన్నారు. ఎందుకు? అంతకుముందు మనకి ఒక్క రోజు పరిచయం.”

జగన్ చెవులు ఎర్రబడ్డాయి. “ఆ ఒక్క రోజు నాకు సాలలె. ఇంకా శాన రోజులు మీతోని ఉండాలె అనిపిచ్చింది. అందుకే.”

“నేను మళ్లీ లావైతే?”

“మంచిగ తినుర్రి, మంచిగ ఉండుర్రి. లావో, సన్నమో... నాకు మీరు గావాలె. బస్.”

మృదుల నవ్వబోయింది. కుట్లు లాగి “అమ్మా!” అంది.

“నొప్పా? డాక్టర్ని పిలవాల్నా?”

“వద్దు. నవ్వించకండి. నాకూ మీరే కావాలి.”

వెనక ఎవరో దగ్గారు. మందుల సంచితో రామారావు. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో! జగన్ చటుక్కున రెండు మెట్లు కిందికి దిగాడు.

“సార్, అదీ...”

“ఆదివారం మీ అమ్మగారు ఖాళీగా ఉంటారా?”

“ఎందుకు సార్?”

“భోజనానికి రమ్మని. ఇంకా సార్ ఏంటి బాబూ? మావయ్యా అనడం అలవాటు చేసుకో.”

జగన్ వానలోకి పరుగెత్తి ఫోన్ తీశాడు.

“అమ్మా! ఆదివారం మంచి చీర గట్టుకోవాలె!”

“యాడికి రా?”

“లగ్గం మాట్లాడనీకి!”

“ఎవల లగ్గం రా?”

“నాదేనే!”

ఆ అరుపుకు బస్టాపులో జనమంతా తలలు తిప్పారు. మెట్ల మీద మృదుల కుట్లను చేత్తో అదిమిపట్టుకుని, ఈసారి ఆపుకోలేక నవ్వేసింది.