ఇంట్లో ఎవరూ లేరు

తలుపు అవతల మనిషి నిలబడి ఉంటే, ఫోన్లో ముఖం చూసి, ఊపిరి బిగబట్టి కూర్చుంటావే — నీకే చెబుతున్నాను. ముఖం తిప్పుకోకు. ఇంట్లో ఉండి లేనని చెప్పడం చిన్న అబద్ధమని నీ లెక్క. జలంత్రకోట దారిలో ఆ ఇంటి ముందు ఒక్క రాత్రి నిలబడి వస్తే నువ్వు అలా అనుకోవు.

సోంపేట నుంచి వెళ్తుంటే జీడితోటల మధ్య మలుపులో ఉంటుంది. నీలం గేటు. రెండేళ్లుగా తలుపుకి తాళం. చీకటి పడ్డాక ఆటోవాళ్లు అక్కడ ఆగరు. ఎవరైనా దిగాలన్నా కల్వర్టు దాటాకే దింపుతారు. ఎందుకంటే ఆ ఖాళీ ఇంట్లో గంట మోగుతుంది. గంట వెనకే ఒక ఆడగొంతు పలుకుతుంది —

“పెద్దతల్లి గుమ్మంలో ఉంది.”

పెద్దతల్లి చనిపోయిన సంగతి ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు.

ఈ కథ నాకు ఆటో తోలే పోలారావు చెప్పాడు. వాడు తాగడు. కబుర్లు అల్లే మనిషి కాదు.

ఆ ఇల్లు కూర్మారావుది. నలభై ఎకరాల జీడితోట, కారు. కొత్త ఇంటి గుమ్మానికి కన్నున్న గంట, కెమెరా బెల్లు, పెట్టించాడు. ఎదర మనిషి మెదిలితే చాలు, లోపల పెట్టె మాట్లాడుతుంది. మొదటి నెల ఇంట్లో ఎవరికీ స్థిమితం లేదు. కొబ్బరి మట్ట ఊగితే “ఎవరో వచ్చారు.” పిల్లి పోతే “ఎవరో వచ్చారు.” అన్నం ముద్ద నోట్లో పెట్టుకోబోతే “ఎవరో వచ్చారు.”

“పీకీ మావా, ఈ గోల,” అంది భార్య కళ్యాణి. “నాను సచ్చిపోయినా, ఎవరో ఎల్లిపోతన్నారని సెప్తాదిది.”

“పేర్లు నేర్పితే ఊరుకుంటాదిలే,” అన్నాడు కూర్మారావు.

ఒక చలి ఉదయం తోట పనివాళ్లందర్నీ గుమ్మం ముందు వరసగా నిలబెట్టాడు. ఒక్కొక్కరి ముఖం చూపించి, పేరు చెప్పి, గంటకి నేర్పాడు. పెద్దతల్లి అందులో ఒకావిడ. ఇరవై ఏళ్లుగా ఆ తోటలో జీడిపిక్కలు ఏరుతున్న మనిషి. ఆ రోజు జ్వరంతో ఉండి దుప్పటి ముసుగు తియ్యలేదు.

“ఉండనీ. నీ మొకం ఎవడు సూత్తాడు,” అని ముసుగుతోనే నేర్పేశాడు.

అంతటితో ఆగలేదు. తన గొంతుతో ఒక మాట కూడా అందులో పెట్టాడు. తను ఫోన్లో నొక్కితే బయట వినిపిస్తుంది. గంట నొక్కినా ఎవరూ పలకకపోతే కాసేపటికి గంటే ఆ మాట చెబుతుంది —

“ఇంట్లో ఎవరూ లేరు. రేపు రండి.”

అతని తల్లి అప్పలనరసమ్మ అది విని, “ఉండీ లేనంటావేటిరా అయ్యా,” అంది.

“నువ్వెళ్లి తొంగో,” అన్నాడు. ఆవిడ పెరట్లో ఉన్న విడి గదికి వెళ్లిపోయింది.

పుష్యమాసం వచ్చింది. ఎదుటి చెట్టు కనబడని మంచు. పెద్దతల్లి భర్తకి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్లి వచ్చేవాడు. ఒక రాత్రి అతనికి ఆయాసం ఎక్కువైంది. ఆవిడ కారు కోసం పరిగెత్తుకొచ్చింది.

“పెద్దతల్లి గుమ్మంలో ఉంది,” అంది పెట్టె.

కూర్మారావు భోజనం చేస్తున్నాడు. ఎడమచేత్తో ఫోను నొక్కాడు.

“ఇంట్లో ఎవరూ లేరు. రేపు రండి.”

కారు ఆవిడ పక్కనే ఉంది. లోపల దీపాలు వెలుగుతున్నాయి. ఆవిడ కాసేపు నిలబడింది. తర్వాత ఆటో కోసం హైవే వైపు నడిచింది... మంచులో లారీ ఆవిడని చూడలేదు.

తెల్లవారి ఇరుగుపొరుగు భర్తని ఆస్పత్రిలో వేస్తే అతను బతికాడు. కూర్మారావు చూడటానికి వెళ్లలేదు. మళ్లీ ఏదో ఒకటి అడుగుతారని, ఇంట్లోవాళ్లెవరూ ఆ గడప తొక్కకూడదన్నాడు.

పన్నెండో రోజు కర్మ ముగిసింది. మర్నాటి రాత్రి, ఎనిమిది గంటలకి — గంట మోగలేదు. పెట్టె మాత్రం పలికింది.

“పెద్దతల్లి గుమ్మంలో ఉంది.”

కూర్మారావు ఫోను చూశాడు. తెల్లటి మంచు. అందులో దుప్పటి ముసుగు. ముఖం లేదు.

ఎనిమిదిన్నరకి మళ్లీ అదే మాట.

మరుసటి రాత్రి ఎనిమిదికి... ఎనిమిదిన్నరకి. ఆ మరుసటి రాత్రీ అంతే.

“మావా...” గొంతు తగ్గించి అంది కళ్యాణి. “ఓపాలి తలుపు తీసి సూడు.”

“సచ్చినోళ్లకి తలుపు తీత్తారేటే?”

“బతికున్నప్పుడు తీసినావేటి?”

పగలు ఆ గంట పీకేయొచ్చు కదా అంటావు. పీకితే ఎందుకు పీకావని నలుగురూ అడుగుతారు. సిగ్గు. రాత్రి పీకాలంటే గుమ్మంలోకి వెళ్లాలి. భయం. ఆ రెంటి మధ్యా గంట అక్కడే ఉండిపోయింది.

అయిదో రాత్రి పెరటి తలుపుకి కూడా లోపల గడియ వేశాడు.

ఎనిమిదికి పెట్టె పలికింది. ఎనిమిదిన్నర అయింది — నిశ్శబ్దం. పీడ పోయిందనుకున్నాడు.

తొమ్మిదికి పెట్టె మళ్లీ పలికింది. కాసేపటికి పెరటి తలుపు కదిలింది. ఎవరో తోసినట్టు... తోసి, ఆగినట్టు. ఇద్దరూ మంచం దిగలేదు. కాళ్లు ఈడ్చుకుంటూ ఎవరో ఇంటి చుట్టూ తిరిగి వస్తున్న చప్పుడు. ఆగింది. మళ్లీ మొదలైంది.

అప్పుడు, మొదటిసారి, గంట మోగింది.

“పెద్దతల్లి గుమ్మంలో ఉంది.”

పెట్టెలోంచి బయటి ఊపిరి వినబడుతోంది. నోట్లో గుడ్డ కుక్కినట్టు ముద్దగా ఏదో మాట. “కూ... కూ...”

“నిన్నే పిలుస్తన్నాది మావా,” అంది కళ్యాణి. ఆమె లేవబోతే చెయ్యి పట్టి ఆపాడు. రెండో చేత్తో ఫోను నొక్కాడు.

“ఇంట్లో ఎవరూ లేరు. రేపు రండి.”

గంట ఏడుసార్లు మోగింది. అతను ఏడుసార్లూ నొక్కాడు.

తర్వాత మోగలేదు.

తెల్లవారి తలుపు తీశాడు. గుమ్మంలో దుప్పటి ముసుగుతో పడి ఉన్నది — అతని తల్లి.

చేతిలో ఖాళీ క్యారేజీ. పాదం మీద రెండు సన్నటి గాట్లు. కట్లపాము.

పన్నెండో రోజు దాకా చావు ఇంటికి బంధువులూ ఇరుగుపొరుగూ కూడు పంపుతారు. ఆ తర్వాత ఎవరిదారి వాళ్లది. మంచం పట్టిన ఆ ఒంటరివాడికి ఇక ఎవరు పెడతారని, పదమూడో రోజు నుంచి అప్పలనరసమ్మ కొడుకుకి తెలియకుండా అన్నం పట్టుకెళ్తోంది. పెరటి గది నుంచి గేటుకి దారి గుమ్మం ముందు నుంచే. దుప్పటి ముసుగు చూస్తే గంటకి తెలిసిన పేరు ఒకటే.

కట్లపాము కరిస్తే పెద్ద నొప్పి ఉండదు. రెప్పలు వాలిపోతాయి. మాట పడిపోతుంది. “రాత్రే తెచ్చి ఉంటే బతికేది,” అన్నాడు డాక్టరు. కారు ఆ రాత్రంతా ఆవిడ పక్కనే ఉంది.

కర్మ అయ్యాక కళ్యాణి టెక్కలిలో పుట్టింటికి వెళ్లింది. తిరిగి రాలేదు. ఇంటికి తాళం పడింది. కరెంటు తీయించలేదు. కూర్మారావు తోటలో పాకలో ఉంటున్నాడని జనం అనేవారు. గంట మాత్రం మోగుతూనే ఉంది.

మొన్న చలికాలం పోలారావు ఆటో టైరు సరిగ్గా ఆ గేటు ముందు పంక్చరైంది. తొమ్మిది కావస్తోంది. మంచు. టైరు విప్పుతుంటే — గంట.

“పెద్దతల్లి గుమ్మంలో ఉంది.”

పోలారావు తలెత్తాడు. గుమ్మంలో దుప్పటి ముసుగు వేసుకుని ఎవరో కూర్చున్నారు. చెయ్యి పైకి లేచింది. గంట మళ్లీ మోగింది. సెల్లు లైటు వేశాడు.

ముసుగు ఇటు తిరిగింది. గడ్డం మాసి ఉంది. కూర్మారావు. తల మీద తల్లి దుప్పటి.

“బాబూ... ఈ మంచులో ఏటి సేత్తన్నారు?”

“తలుపు తీత్తారేమోనని,” అన్నాడతను నెమ్మదిగా.

మళ్లీ మళ్లీ నొక్కి, ఏడోసారికి ఆగాడు. కాసేపటికి గోడలోంచి అతని గొంతే అతనికి జవాబు చెప్పింది.

“ఇంట్లో ఎవరూ లేరు. రేపు రండి.”

కూర్మారావు సరేనని తల ఊపాడు. లేచి, గేటు వేసి, తోటలోకి వెళ్లిపోయాడు.

మర్నాడు మళ్లీ వచ్చాడు.