కింది ముద్ర

ఆ రోజు పద్దెనిమిదో ఉత్తరాన్ని నూకరత్నం కింది నుంచి చదవడం మొదలుపెట్టింది. జాడ విభాగంలో అందరూ అలాగే చదువుతారు. ఈమెయిల్ దాటిన ప్రతి మజిలీ తన ముద్రను పైన అంటిస్తూ పోతుంది కనుక అన్నిటికన్నా కిందిదే పుట్టుచోటు. ఆ ఒక్క ముద్ర చూసి, పేరు పలికి, వేలు ఒత్తితే చాలు. మిగతాది తీర్పరి యంత్రం చూసుకుంటుంది. రోజుకు పాతిక జాడలు తేల్చాల్సినవాళ్లకు పై ముద్రలు చదివే తీరిక ఎక్కడిది? ఆరేళ్లలో నూకరత్నం ఎన్నడూ చదవలేదు.

గాజు పలకకు అవతల కొండమ్మ కూర్చుని ఉంది. విశాఖ రేవులో వలలు అల్లే మనిషి. రెండు కళ్లనూ పొర కమ్మేసింది. మూడేళ్లు ఎదురుచూస్తే వచ్చిన కంటి చికిత్స వంతును ఒక ఈమెయిల్ కాజేసింది. వంతు సంకేతం పంపకపోతే వరస రద్దవుతుందని వైద్య మండలి పేరుతో వచ్చింది. పక్కింటావిడ చదివిపెట్టింది, ఈమె సంకేతం చెప్పేసింది. గంటలోనే వంతు చేతులు మారిపోయింది. మళ్లీ వరసలో నిలబడితే ఇంకో మూడేళ్లు. అప్పటికి చూపు ఉండదని వైద్యులు రాసిచ్చారు.

"దొరికినాడా తల్లీ?"

"చూస్తన్నాను మామ్మా. ఒక్క నిమిషం ఉండు."

కింది ముద్ర స్పష్టంగానే ఉంది. భీమిలి మజిలీ, పదకొండో తేదీ పొద్దున తొమ్మిది గంటలు, బోని సన్యాసిరావు ఇల్లు. వేలు ఒత్తితే సన్యాసిరావు వెలి అవుతాడు. ఇంటి తలుపు, కుళాయి, బస్సు, ఏవీ అతన్ని గుర్తుపట్టవు. అతని వైద్యపు వంతు కొండమ్మకు వస్తుంది. మోసగాడు దొరికితేనే మోసపోయినవాళ్లకు వంతు. మండలి నియమం అది.

లేచిన వేలు పదకొండో తేదీ దగ్గర ఆగిపోయింది. తుపాను దెబ్బకు భీమిలి మజిలీ పదో తేదీ నుంచి మూడు రోజులు పనిచెయ్యక పడుకుంది. అక్కడున్న చెల్లెలికి తను పంపిన ఉత్తరాలన్నీ తిరిగొచ్చాయి. ఆ మూడు రోజులూ నూకరత్నానికి అన్నం సయించలేదు. పడుకున్న మజిలీ ముద్ర ఎలా వేసింది?

మొదటిసారి పై ముద్ర కూడా చదివింది. కింది నుంచి రెండో ముద్ర విజయనగరానిది. ఉత్తరం తనకు భీమిలి నుంచి రాలేదనీ, పేరులేని సంచార చిరునామా నుంచి వచ్చిందనీ అది చెబుతోంది. అంటే కింది ముద్రను ఏ మజిలీ వెయ్యలేదు. ఉత్తరం రాసినవాడే ఓ అమాయకుడి పేరు తగిలించి గీసిపెట్టాడు. దొంగ చేతికే తాళాలిచ్చి కాపలా కాస్తోంది విభాగం మొత్తం!

నూకరత్నం వేలు దించేసింది. తన పాత జాడలు ఓ పది తిరగేసింది. ఏడింటిలో ఇదే తంతు. ఆ ఏడుగురూ ఇప్పుడు ఎక్కడ పడుకుంటున్నారో, ఎవరి గుమ్మంలో నీళ్లు అడుక్కుంటున్నారో. తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఆలస్యమవుతోంది," అంది తీర్పరి. "పేరు పలకండి."

"కింది ముద్ర దొంగది. జాడ తెలియదు."

"ఆ జవాబుకు చోటు లేదు. పేరు పలకండి. లేదా ఫిర్యాదు కొట్టివేస్తాను."

నూకరత్నం పలక దగ్గరకు వంగి ఉన్న సంగతంతా చెప్పింది. కొండమ్మ గయ్యిమంది.

"ఆడెవడో సెయ్యనేదంటావు, సేసినోడు దొరకడంటావు. మరి నా కళ్లేటైపోవాల? వల తడిమి తడిమి అల్లతన్నాను. సేతి ఏళ్లు సూడు ఎలాగున్నాయో!"

ఆమె కోపంలో తప్పేముంది? పేరు పలికితే ఒక పాపం, పలకకపోతే ఇంకొకటి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"తీర్పరీ, జాడ తేల్చే మనిషే వెలి అయితే ఏమవుతుంది?"

"అంతకుముందు ఆ వేలు తేల్చిన జాడలన్నీ రద్దయిపోతాయి. వాటివల్ల వెలి పడ్డవారికి తలుపులు తెరుచుకుంటాయి. ఇంతవరకు అలా జరగలేదు. పేరు పలకండి."

నూకరత్నం లెక్క వేసుకుంది. ఈ సాయంత్రం తన ఇంటి తలుపు తనకే తెరుచుకోదు. రేపు రోగమొస్తే చూసేవాళ్లుండరు. భయం వేసింది, నిజంగానే చాలా భయం వేసింది.

"కోరాడ నూకరత్నం," అంది.

తీర్పరి తడుముకుంది. "అది మీ పేరు."

"అవును. వెలి పడ్డవాళ్ల వంతులు లాక్కున్నది నా వేలే. నా వంతు కొండమ్మకు రాయి."

ఒత్తింది. పలికిన పేరు, ఒత్తిన వేలు ఉంటే తీర్పరికి చాలు. రుజువు అడగడం దానికి ఎవరూ నేర్పలేదు.

కొండమ్మ చేతిలో కంటి వంతు చీటీ పడింది. హాలు గోడ మీది తెరపై ఆమె ఆరేళ్ల జాడలు ఒక్కొక్కటే రద్దై ఎర్రబడుతూ పైకి జరగసాగాయి. అసలు మోసగాడు మాత్రం ఎక్కడో హాయిగానే ఉన్నాడు. నూకరత్నం ముందున్న తెర ఆరిపోయింది. ఆమె లేచి నిలబడింది.

పక్క సీటు పైడిరాజు అంతా విన్నాడు. ఒత్తబోయిన వేలు వెనక్కి తీసుకున్నాడు. గోడకేసి చూశాడు.

"రత్నం," అన్నాడు గొంతు తగ్గించి, "ఆ రెండో ముద్ర ఎలాగ సదవాలో ఓసారి సూపించు."