గడపకు వేసిన అతుకు

వానాకాలం మధ్యాహ్నం. వెల్డింగు చేసేటప్పుడు మా షెడ్డులో షట్టరు దించేస్తాం. గాలి దూరితే టార్చి నుంచి వచ్చే గ్యాసు చెదిరి అతుకులో బుడగలు పడతాయి. అందుకే పట్టపగలు కూడా లోపల చీకటే. రేకుల మీద వాన, కాలిన రంగు వాసన, మూల బల్ల మీద చల్లారిపోయిన బార్లీ టీ.

ఆ రోజు లిఫ్టు మీద హిరుమా పాత కారు ఉంది. రెండు తలుపుల బండి, ముప్పై ఏళ్ళది. కొండ మలుపుల్లో పక్కకి జారిస్తూ తోలి తోలి దాని ఒళ్ళు సడలిపోయింది. ఆదివారం కార్ల పందెం. తలుపుల కింద గడపలా పొడుగ్గా ఉండే బోలు పెట్టెల్లో తుప్పు రేకు కోసేసి, మందపాటి ప్లేట్లు అతికి మూసేయాలి.

"ఆడవాళ్ళ చేతి అతుకు కదా, ఎంబ్రాయిడరీలా ఉండాలి" అన్నాడు హిరుమా.

"మీ మూతికి కూడా కుట్టిపెడతాను, కాస్త దగ్గరికి రండి."

మా యజమాని ఒనొదెరా పకపకా నవ్వాడు. "మిజుయేతో పెట్టుకోకయ్యా."

ఈ నవ్వులు నాకు ఇరవై ఏళ్ళుగా అలవాటే. ఆడదానికి టార్చి ఇచ్చే షెడ్డు ఈ ఊళ్ళో ఇదొక్కటే. ఆ మాట ఒనొదెరా నెలకోసారైనా గుర్తు చేస్తాడు.

"ఎడమ వైపు మాత్రం గోకొద్దు. రంగు మీదే అతికెయ్" అన్నాడు హిరుమా.

రంగు మీద అతుకు నిలవదని పందాల్లో బండి తోలేవాడికి తెలీదా? నేను గ్రైండరు పెట్టాను. వేలెడు మందాన పుట్టీ రాలింది. దాని కింద రేకు లోపలి నుంచి బయటికి ఉబ్బి ఉంది. ఎవరో లోపలుండి తన్నినట్టు.

ఎడమ వైపు సీటు తమాకిది. హిరుమా భార్య. మూడేళ్ళ క్రితం ఇల్లొదిలి వెళ్ళిపోయిందని అతను చెప్పాడు, ఊరంతా నమ్మింది. తమాకి ఇక్కడికొచ్చినప్పుడల్లా ఊరగాయ రేగుపండు పెట్టిన అన్నం ముద్ద నా చేతిలో పెట్టేది. "అక్కా, నాకూ నేర్పవా ఈ పని?" అని అడిగింది ఒకసారి. హిరుమా ఆమె మోచెయ్యి పట్టుకుని కార్లోకి తోశాడు. మేమందరం చూశాం. టీ తాగుతూ చూశాం.

తుప్పు రేకు కోశాను. లోపలి అంచుకి పొడుగాటి వెంట్రుకలు చుట్టుకుని ఉన్నాయి. కమేలియా నూనె వాసన వేసింది. తమాకి తలకి రాసుకునే నూనె.

"ఒనొదెరా గారూ, ఇది చూడండి."

ఆయన వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత లేచి చేతులు తుడుచుకున్నాడు.

"బండి పని మనది. సంసారం వాళ్ళది. మూసెయ్."

"పోలీసుల్ని పిలుద్దాం."

"సాయంత్రంలోగా మూసెయ్యకపోతే రేపట్నించి రానక్కర్లేదు."

నేను ప్లేటు పెట్టాను. అవును, పెట్టాను. నాలుగంగుళాలకోసారి చిన్న అతుకు, అటొకటి, ఇటొకటి. మూడు అతుకులు వేశాక ముసుగెత్తి ఆగాను. వేడి ఇనుము చల్లారుతూ టిక్కు టిక్కుమంటుంది. మొదట గబగబా, తర్వాత మెల్లిగా, ఆ తర్వాత ఆగిపోతుంది.

టిక్... టిక్...

ఆగలేదు.

టిక్, టిక్, టిక్... వేగం పెరిగింది. గోళ్ళతో గీకినట్టు. ప్లేటు వెనక నుంచి.

"ఏంటది?" ఒనొదెరా గుసగుసగా అడిగాడు.

"ఇనుము" అన్నాడు హిరుమా. అతని పెదాలు తెల్లబడ్డాయి. "ఇనుమే. కానివ్వు. మూసెయ్."

మూసెయ్. ఇంట్లో ఏడుపు వినిపిస్తే తలుపు మూసెయ్. అడిగితే నోరు మూసెయ్. ఇప్పుడు ఇది. మూయడానికి ఈ మగవాళ్ళకి ఎప్పుడూ ఒక ఆడదాని చెయ్యే కావాలి. ఈసారి నా చెయ్యి.

టార్చి కింద పడేసి కోత మిషను అందుకున్నాను.

"మిజుయే!"

"రేపు రానులెండి."

మూడు అతుకులూ కోశాను. ప్లేటు ఊడి నేల మీద వెల్లకిలా పడింది. పెట్టె లోపల ఎవరూ లేరు. ఖాళీ. వెంట్రుకలు కూడా లేవు.

హిరుమా నవ్వబోయాడు. అప్పుడు ప్లేటు కంటబడింది.

వెల్డింగు వేడికి అతుకు చుట్టూ ఇనుము నీలంగా మారుతుంది. మూడు చిన్న అతుకులకే దీని లోపలి వైపు అంతా నీలమైపోయింది. రెండు చోట్ల తప్ప. అక్కడ వేడి అంటలేదు, చల్లటిదేదో ఆనించినట్టు తెల్లగా మిగిలిపోయింది. ఒకటి అరచెయ్యి, అయిదు వేళ్ళూ విడివిడిగా. దాని కింద ఇంకొకటి. అదీ చెయ్యే. పది యెన్ల నాణేనికి మించి ఉండదు.

మేమెవరమూ ఏమీ అడగలేదు.

"నాకు చెప్పలేదు" అన్నాడు హిరుమా. "కడుపుతో ఉన్నానని... ఒక్క మాటైనా చెప్పలేదు."

ఒనొదెరా చెయ్యి ఫోను వైపు వెళ్ళింది. నేను షట్టరెత్తడానికి లేచాను. ఎందుకో ఇంకోసారి కిందికి చూశాను.

పెద్ద చెయ్యి అలాగే ఉంది.

చిన్నది గుప్పిట ముడుచుకుంది.