చంద్రవ్వ అప్పజెప్పిన పాఠం

వాకిలి అలకాలి. చుట్టాలకు చాపలు తేవాలి. పెద్ద గుండిగలో ఎసరు పెట్టాలి. మిల్లు సేటుకు మరోసారి కబురంపాలి. ఆదిలాబాదు జిన్నింగు మిల్లులో హమాలీ పర్శరాములు తెల్లవారకముందే అందరికీ పనులు పురమాయించాడు. కొడుకు రసాయనశాస్త్రంలో డాక్టరేటు సంపాదించిన సంబరం మరి. లక్ష్మీరాజానికి మాత్రం ఒక్కటే పని మిగిలింది: ప్రయోగశాల ఉద్యోగం వద్దనుకున్నానని చుట్టాలు రాకముందే తండ్రితో చెప్పడం.

వంటింటి గడపలో నిలబడి చెప్పాడు.

“హైదరాబాదులనే బాపు. విద్యా కళాశాలల నౌకరి. పిల్లలకు సైన్సు ఎందుకు అర్థమైతలేదో పరిశోధన జెయ్యాలె.”

పర్శరాములు చేతిలోని చాప కింద పడేశాడు. “గిన్నేండ్లు గా గ్యాసుల వాసన పీల్చింది గిందుకా? బజారంతా చెప్పుకున్న. ఇప్పుడు మందికి ఏం మొఖం చూపియ్యాలె?”

“జర ఇను బాపు.”

“ఏమినాలె? మొద్దులు మొద్దులే. దానికి పరిశోధనెందుకురా? మీ అక్కకు సదువొచ్చిందా?”

పనికి సాయంగా అత్తగారింటి నుంచి వచ్చిన చంద్రవ్వ పొయ్యి దగ్గర తల ఎత్తలేదు.

“అక్కా, నీళ్ల పాఠం యాదికున్నదా?” అన్నాడు లక్ష్మీరాజం.

నిజాం కాలంలో ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ. చుట్టాలొస్తే తండ్రి ఆమెను నిలబెట్టి మురిపెంగా చెప్పించిన పాఠమది. చంద్రవ్వ తడుముకోలేదు. “హరారత్ పాకర్ పానీ బుఖారాత్ మే తబ్దీల్ హోతా హై.”

“అంటే?”

“ఏమో తమ్మీ. ఇన్స్పెక్టరు సారు గదే అడిగిండు. నోరు పెగలలే. మొద్దన్నడు. తెల్లారి బాపు బడి మాన్పిచ్చిండు.”

లక్ష్మీరాజం గుండిగ మీది మూత తీశాడు. గుప్పున ఆవిరి లేచింది. “గిదే అక్కా. కాగితే నీళ్లు ఆవిరైతయని.”

ఆమె ఆవిరినే చూస్తూ ఉండిపోయింది. “గింతేనా?” అంది. “గిది నాకెరుకే గద తమ్మీ. రోజూ చూస్తనే ఉన్న.” కొంగుతో కళ్లొత్తుకుంది.

“నేను నీకంటె తెలివిగల్లోన్ని గాదక్కా. నా వంతు వచ్చేసరికి పాఠాలు తెలుగుల అయినయ్. గంతే.”

పర్శరాములు చాప ఎత్తి వాకిట్లో పరుస్తుండగా మొదటి చుట్టం హనుమంతు వచ్చాడు.

“ఏం పర్శరాములు, కొడుకు ఏ నౌకరిల చేరుతుండు?”

పర్శరాములు వంటింటి వైపు చూశాడు. “పిల్లలను మొద్దులనకుంట చూసే నౌకరి,” అన్నాడు. “మొద్దని నేనే అన్న హనుమంతు. నా బిడ్డనే అన్న.”

లోపల చంద్రవ్వ చేతిలో గరిటె ఆగింది.

మీ ఇంట్లో ఏ పిల్లైనా పాఠం గడగడా అప్పజెప్పి, అర్థమడిగితే తల దించుకుంటే, కోప్పడే ముందు చంద్రవ్వను ఒక్కసారి తలచుకోండి.